సర్విది అరచెయ్యి

మా ఊరు కుటోఆర్జోలో రైలు గేటు దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో, ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. దానికి బోర్డు లేదు. పాక్ సర్విదికి బోర్డు పెట్టుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. పడమటి నుంచి చిలాచాప్ కుర్రాళ్ళూ, తూర్పు నుంచి జోగ్జా కుర్రాళ్ళూ పందేల మోటారు బళ్ళు వ్యానుల్లో వేసుకుని దారి అడుగుతూ వచ్చేస్తారు. ఊరంతటికీ ఆయన పాక్, అంటే తండ్రి వరస; ఇంట్లో భార్య పిలుపూ అదే.

చదువు ఊరి బడిలో ఆరో తరగతితో ఆగిపోయింది. పన్నెండో ఏట మేనమామ వడ్ల మిల్లులో ఇంజనుకి నూనె పోసే పనికి కుదిరాడు. పదహారో ఏట ఆ ఇంజను మొరాయిస్తే, సెమరాంగ్ నుంచి పిలిపించిన మెకానిక్ చేతులెత్తేశాక, మూడో రోజున దాన్ని మళ్ళీ తిప్పింది ఈయనే. అద్దం పలక మీద గరుకు కాయితం పరిచి, ఇంజను పైన మూతలా ఉండే హెడ్డుని వెంట్రుక మందం తేడా రాకుండా చేత్తో అరగదీయడం మా జిల్లాలో మొదలుపెట్టింది ఈయనే. మేం బాతు బండి అని పిలుచుకునే చిన్న బండిని రెండు వందల ఒక్క మీటర్ల పరుగులో ఎనిమిది సెకన్ల లోపు దాటించిన మొదటి మెకానిక్కూ ఈయనే. గోడకి ఇరవై రెండు కప్పులు. ముప్ఫై ఒక్కమంది శిష్యులు, అందులో నలుగురికి జకార్తాలో సొంత షెడ్లు. ఒక పోలీసు పెద్దాయన బండి నడిరోడ్డు మీద ఆగిపోతే, టీ కొట్టులో చెంచా అడిగి తీసుకుని దాంతోనే బాగుచేసి పంపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇన్ని చెప్పుకోదగ్గవి ఉన్న మనిషికి, రెండేళ్ళ పాటు తన కుడి అరచెయ్యి తనే చూసుకోవాలంటే బెరుకు పుట్టింది. ఆ చేత్తోనే ఒక మంచి మనిషి పేరు చెడగొట్టాడు. చెడగొట్టింది తనేనని ఆయనొక్కడికే తెలుసు.

బలం పెంచమని బండి తెచ్చినవాణ్ణి సర్విది ముందుగా అడిగే మాట ఒకటే: ఏ పెట్రోలు పోస్తావు? ఎనభై ఎనిమిదో, తొంభై రెండో, నూరో అది తేలాకే స్పానరు పట్టుకునేవాడు. ఆక్టేన్ అనే ఆ నంబరు అంటే బలం అనుకుంటారు కుర్రాళ్ళు. బలం కాదు, ఓర్పు అని చెప్పేవాడాయన. పిస్టన్ పైకొచ్చి నొక్కేస్తున్నా, ప్లగ్గు నిప్పు పెట్టేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగగలిగే ఓర్పు. ఓర్పున్న పెట్రోలయితే హెడ్డు అరగదీసి గట్టిగా నొక్కచ్చు, నిప్పు కాస్త ముందుగా పెట్టచ్చు, అప్పుడు ఇంజనుకి గుర్రాల బలం పుట్టుకొస్తుంది. ఓర్పు లేనిదాన్ని అలా నొక్కితే ముందే పేలి పిస్టన్ని కొరుక్కుతింటుంది. నొక్కని ఇంజన్లో నూరు నంబరు పోసినా ఒరిగేదేమీ లేదు. పెట్రోలుకి తగ్గ ఇంజను, ఇంజనుకి తగ్గ పెట్రోలు. రెంటికీ జత కుదర్చడమే తన పని అనేవాడు.

ఆ నూరు నంబరు పెట్రోలు మా వైపు దొరకదు. పరుగుల ఆదివారాల్లో దాన్ని తెచ్చి అమ్మేది బూ లాస్మినీ ఒక్కతే; బూ అంటే తల్లి వరస. ఆమె భర్త దలిమాన్ సర్విది ముప్ఫై ఒక్కమంది శిష్యుల్లో ఒకడు, జ్వరంతో చిన్న వయసులోనే పోయాడు. ఆమె అతని బండి మీదే తెల్లారకుండా బయల్దేరి, జోగ్జా బంకులో రెండు డబ్బాలు నింపించుకుని, ఎండకి ఆవిరైపోకుండా తడి గోనెలు చుట్టి తెచ్చేది. సముద్రం పక్క తిన్నని రోడ్డుని ఆ రోజుకి మూసి పరుగులు పెడతారు. రోడ్డు చివర కొబ్బరి చెట్ల నీడలో ఆమె బల్ల. వచ్చినవాళ్ళు వాసన చూసుకునేందుకు ఒక సీసా మూత తీసి ఉంచేది. కొలతలో కానీ సరుకులో కానీ ఆమె మీద ఒక్క మాట పడింది లేదు. "నూరు కావాలంటే లాస్మినీ దగ్గర పోయించుకో, మిగతా చోట రంగు కొంటావు" అని కుర్రాళ్ళకి చెప్పిందీ సర్విదే.

ఆ ఏడు ఆగస్టు పరుగులకి కోళ్ళ ఫారం కస్మాది బండి సర్విది చేతిలో పడింది. నడిపేవాడు జరోట్. నూరు నంబరుకి తగ్గట్టు, పన్నెండు పాళ్ళని ఒక పాలుగా నొక్కేలా ఇంజను కట్టాలని అనుకున్నాడు. శుక్రవారం నాడు హెడ్డులోకి ఇంజెక్షన్ సిరంజితో నూనె వదిలి ఎంత పడుతుందో కొలిచాడు. దానికి హెడ్డు కింద పరిచే గాస్కెట్ రేకు మందం కలపాలి. నలభై ఏళ్ళుగా కలుపుతున్న లెక్కే, నోటితోనే కలిపేశాడు. కాగితం మీద రాసుకోవడం ఆయనకి నామోషీ.

అయితే ఆ శుక్రవారం గాస్కెట్ మామూలుది కాదు. కొట్లో సరుకు అయిపోతే, రాగి రేకుతో తనే కత్తిరించుకున్నాడు. మామూలు దానిలో మూడో వంతు మందం. రేకు పలచనైతే లోపల జాగా తగ్గి నొక్కుడు పెరుగుతుంది. ఆ సంగతి లెక్కలోకి రాలేదు. పన్నెండు అనుకున్నది పదమూడు దగ్గరికి పోయింది. ఆ పైన నిప్పు కూడా పన్నెండుకి పెట్టాల్సినంత ముందుకి పెట్టేశాడు.

ఆదివారం రెండో పరుగు గెలిచి వచ్చిన జరోట్, హెల్మెట్ తీస్తూ ఒక మాట అన్నాడు.

"లోపల గులకరాళ్ళు కదిలినట్టుంది పాక్. గేరు మార్చాక."

"నీ హెల్మెట్లో కదిలుంటాయి" అన్నాడు సర్విది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జరోట్ కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఫైనల్‌కి ముందు కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్లు ఊడదీసి, కిరసనాయిలు డబ్బాలో కడిగి, చేతులు గుడ్డకి తుడుచుకుని మళ్ళీ బిగించాడు. ఏ మెకానిక్ అయినా చేసే పనే. జెండా ఊపారు. నూట యాభై మీటర్లు దాటాక బండి లోపలి నుంచి డప్పు పగిలినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. వెనక చక్రం పట్టేసింది. జరోట్ రోడ్డు మీద రాసుకుంటూ పోయి గడ్డిలో పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది.

అతన్ని వ్యాన్‌లో ఎక్కించి పంపాక జనమంతా సర్విది చుట్టూ చేరారు. ఏమైందని కస్మాది ఒక్కటే అడగడం. సర్విది కట్టిన బండి ఒకరి ఎముక విరిచిందన్న మాట ఆ రోడ్డు మీద అంతకుముందు ఎవరూ వినలేదు. ఆయన లాస్మినీ బల్ల దగ్గరికి నడిచాడు. వాసన సీసా తీసుకుని, అరచేతిలో కాస్త పోసుకుని, ఊది ఆరనిచ్చాడు. కల్తీ కనిపెట్టడానికి అదే మా వైపు పద్ధతి. మంచి పెట్రోలు మాయమైపోతుంది, కిరసనాయిలు కలిపింది జిడ్డుగా మిగిలిపోతుంది. ఆయన అరచేతిలో జిడ్డు మిగిలింది. ముక్కుకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"కిరసనాయిలు" అన్నాడు.

ఆ మాట సగం నమ్మి అన్నాడు. తక్కిన సగం, అదే నిజం కావాలని కోరుకుని అన్నాడు.

డబ్బాలు తన్నింది ఎవరో, సీసాలు పగలగొట్టింది ఎవరో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. తడి గోనెలు మాత్రం సాయంత్రం దాకా రోడ్డు మీదే పడి ఉన్నాయి.

మర్నాడు పొద్దున సర్విది ఇంజను విప్పాడు. పిస్టన్ అంచు చెరుకు కొరికినట్టుంది. హెడ్డు ఎత్తగానే రాగి రేకు ఊడి చేతిలోకొచ్చింది. దాని పలచదనం వేళ్ళకి తెలిసిన క్షణాన లెక్క మొత్తం ఆయన బుర్రలో తనంతట తానే తిరిగి, పదమూడు దగ్గర ఆగింది. జరోట్ విన్న గులకరాళ్ళు పెట్రోలు ముందే పేలిన చప్పుడు. ముక్కలు కిరసనాయిల్లో కడిగి, ఎప్పట్లా గుడ్డకి తుడుచుకున్నాడు. అప్పుడు ఏదో తట్టి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిన్న వచ్చిన వాసనే వచ్చింది. ఆ కిరసనాయిలు లాస్మినీ సీసాలోది కాదు, తన చేతిదే. పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

అప్పటికప్పుడు లేచి వెళ్ళి చెబితే అయిపోయేది. షెడ్డు ముందు నాలుగు బళ్ళు వంతు కోసం ఉన్నాయి. గోడకి ఇరవై రెండు కప్పులున్నాయి. రేపు చెబుదాం అనుకున్నాడు. రాగి గాస్కెట్‌ని గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున దాచాడు. రేపు వచ్చింది, కస్మాది వచ్చాడు, పెట్రోలు దొంగలని తిట్టిపోశాడు, సర్విది తలూపాడు. తలూపాక చెప్పడం మరీ కష్టమైపోయింది.

లాస్మినీ ఆ బల్ల మీదే ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముకోవడం మొదలుపెట్టింది. ఊరు వదిలి ఎక్కడికి పోతుంది? ఆమెకి కిరసనాయిలు బూ అని పేరు పెట్టారు. ఒకసారి సర్విది వింటుండగానే ఆయన శిష్యుడొకడు కాయలు కొంటూ, "సిగరెట్టు దూరంగా పెట్టండ్రా, ఈ కాయలు అంటుకుంటాయి" అన్నాడు. అని, మెచ్చుకుంటాడేమోనని గురువు వంక చూశాడు. సర్విది బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు. ఆయన తొడుక్కున్నవి రబ్బరు చెప్పులు.

ఇంట్లో సబ్బులు తొందరగా అరిగిపోసాగాయి. నిమ్మ చెక్కతో రుద్దేవాడు, బూడిదతో రుద్దేవాడు, మళ్ళీ సబ్బు. "ఏంటి పాక్, ఈ వయసులో ఎవరికి నచ్చాలని ఈ తోముడు?" అని భార్య ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు కాదు. అరచేతిలో పోసుకుని పెట్రోలు చూడడం పూర్తిగా మానేశాడు. ఎవరైనా చూడమంటే ముక్కు పనిచెయ్యడం లేదనేవాడు.

ఉపవాసాల నెల ముగిసి పండగ వచ్చింది. పండగ నాడు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుని, బయటి తప్పులూ లోపలి తప్పులూ మన్నించమని అడుగుతారు. పెద్దవాళ్ళు కూడా నావీ మన్నించండి అంటారు. ఏ తప్పో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. శిష్యులంతా వచ్చి వెళ్ళారు. కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం, కొబ్బరిపాల కోడికూర అయిపోవచ్చాయి. అప్పుడు గుమ్మంలో లాస్మినీ కనిపించింది.

భర్తకి గురువు గనక ఏటా వచ్చినట్టే వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని సర్విది కుడి చెయ్యి అందుకుంది. ఆ అరచేతిని తన నుదుటికి ఆనించుకుంది. "మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించండి పాక్. బయటివీ లోపలివీ" అంది. ఆయన నోటికి అలవాటైన జవాబు వచ్చేసింది, నావీ మన్నించమ్మా అని. ఆమె మన్నించానంది. కాస్త పచ్చడి, రెండు అరటిపళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆయన ఆ చెయ్యి చాపినట్టే ఉంచాడు.

ఏడాదంతా మన్నించానన్న ఆ మాట ఆయన్ని తినేసింది. మన్నింపు అడిగాడు, దొరికింది. అయినా అది దొంగసొత్తులా ఇంట్లో ఉండిపోయింది.

మరుసటి పండగకి లాస్మినీ మళ్ళీ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. సర్విది చెయ్యి ఇవ్వలేదు. వెనక్కి తీసుకుని లుంగీ మడతలో పెట్టుకున్నాడు. ఆమె చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ముఖం ఎర్రబడింది. తనని మైల మనిషిలా చూశాడనుకుంది. లేచి వెళ్ళిపోయింది. భార్య నివ్వెరపోయి, పండగ పూట ఆడకూతురికి అంత అవమానమా అని మొదటిసారి ఆయన మీద గొంతు లేపింది.

మూడో రోజు పొద్దున్నే సర్విది లాస్మినీ ఇంటికి వెళ్ళాడు. పెద్దవాడు చిన్నవాళ్ళ ఇంటికి పండగ మన్నింపు అడగడానికి వెళ్ళడం మా దగ్గర లేదు. వాకిలి ఊడుస్తున్న లాస్మినీ చీపురు పడేసి లోపలికి పరిగెత్తి చాప వేసింది. ఆయన కూర్చోలేదు. గుడ్డ విప్పి రాగి గాస్కెట్ బల్ల మీద పెట్టాడు. అదేమిటో ఆమెకి తెలియలేదు. మొదట్నుంచి చెప్పాడు. రేకు మందం, నోటి లెక్క, గులకరాళ్ళు, జెట్లు కడిగిన డబ్బా, తుడుచుకున్న గుడ్డ, అరచెయ్యి. మర్నాడే తెలిసిందని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది.

లాస్మినీ ఆ రేకుని వేలితో తిప్పుతూ కూర్చుంది.

"రెండేళ్ళు నేనే ఆలోచించాను పాక్" అంది. "బంకువాడు మోసం చేశాడా, డబ్బాలో ఇంతకుముందు ఏదైనా ఉందా అని. డబ్బాలు కోసి లోపల చూశాను."

సర్విది తల దించుకున్నాడు. "మన్నించమ్మా."

"పోయినేడు పండగకి మన్నించాను. దేన్నో తెలీకుండా మన్నించాను. ఇప్పుడు తెలిసింది. మళ్ళీ మొదట్నుంచి ఆలోచించుకోవాలి."

ఆయన ఏం చెయ్యమంటావని అడిగాడు. డబ్బాలు కొనిపెడతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ మాట మీరు నా ఇంట్లో అనలేదు పాక్. ఇక్కడ వెనక్కి తీసుకుంటే నాకేం పనికొస్తుంది?"

ఆగస్టు పరుగులు నెల రోజుల్లో ఉన్నాయి. ఆ నెలలో సర్విది నాలుగు కిలోలు తగ్గాడు. జరోట్ ఇంటికి వెళ్ళి గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. ఈలోగా పరుగుల నిర్వాహకులొచ్చి, ఈసారి ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టి సన్మానం చేస్తామన్నారు. వద్దంటే వినలేదు.

ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. మైకు పట్టుకున్నవాడు సర్విది గొప్పలన్నీ వరసగా చదివాడు. వడ్ల మిల్లు, అద్దం పలక, ఎనిమిది సెకన్లు, ఇరవై రెండు కప్పులు, ముప్ఫై ఒక్క శిష్యులు, పోలీసు పెద్దాయనా చెంచా. ఇంకో రోజయితే ఒక్కటి వదిలేసినా సర్విది అందించేవాడే. జనం చప్పట్లు కొట్టారు. కొబ్బరి చెట్ల కింద లాస్మినీ కాయలు పొట్లాలు కడుతూ ఇటు చూడలేదు.

మైకు ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, తన సంచీలోంచి కిరసనాయిలు డబ్బా, గుడ్డ, తాగే నీళ్ళ సీసా బయటికి తీశాడు. సీసా మూత అందరికీ కనపడేలా తెంపాడు. చేతులు కిరసనాయిల్లో కడిగి గుడ్డకి తుడుచుకున్నాడు. నీళ్ళు అరచేతిలో పోసుకుని, ముందు వరసలో ఉన్న జరోట్‌ని పైకి రమ్మన్నాడు. ఒక భుజం కాస్త వంగిన జరోట్ వచ్చాడు.

"వాసన చూసి చెప్పు."

జరోట్ చూశాడు. మైకులోకి వంగి "కిరసనాయిలు" అన్నాడు.

కొందరు నవ్వారు, గారడీ అనుకుని. నవ్వు ఆగేదాకా సర్విది ఆగాడు.

"రెండేళ్ళ కింద నేను చూసిన వాసన ఇదే. బూ లాస్మినీ పెట్రోలు నూటికి నూరు. చెడింది నా లెక్క. గాస్కెట్ నేను కోసింది, నిప్పు నేను పెట్టింది, వీడి ఎముక నేను విరిచింది. మర్నాడే తెలిసింది. రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు చదివిన వాటిలో ఇది కూడా రాసుకోండి."

చప్పట్లు లేవు. కస్మాది లేచి నిలబడి, మీద మీదకి వస్తాడనుకుంటే, కుర్చీ వెనక్కి తన్ని వెళ్ళిపోయాడు. జరోట్ మాత్రం పక్కనే నిలబడ్డాడు. నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు చెప్పాను గదా పాక్, గులకరాళ్ళని."

"చెప్పావు" అన్నాడు సర్విది.

ఆ వారంలో షెడ్డు ముందు నుంచి మూడు బళ్ళు తీసుకెళ్ళిపోయారు. లాస్మినీని ఎగతాళి చేసిన శిష్యుడు రెండు నెలలు గురువు ముఖం చూడలేదు. ఎవరి మీద కోపమో వాడికే తెలియాలి. సర్విది పని మాత్రం ఆపలేదు. సిరంజి పక్కన ఒక బడిపిల్లల నోటు పుస్తకం కొనిపెట్టుకున్నాడు. గాస్కెట్ మందం మైక్రోమీటర్‌తో కొలిచి, వంకర అక్షరాలతో అందులో రాసుకుంటాడు.

తర్వాతి పరుగులకి లాస్మినీ పెట్రోలు తేలేదు, కాయలే అమ్మింది. ఆ తర్వాతి వాటికీ కాయలే. జనవరి పరుగుల నాడు సర్విది కొబ్బరి చెట్ల వైపు చూస్తే, బల్ల పక్కన తడి గోనెలు చుట్టిన రెండు డబ్బాలు కనిపించాయి. ముందు వరసగా ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఆయన కూడా సీసా పట్టుకుని వెనక నిలబడ్డాడు. ముందుకు రమ్మన్నారు కొందరు, వెళ్ళలేదు.

తన వంతు వచ్చింది. వాసన సీసా మీదికి ఆయన చెయ్యి వెళ్ళబోతే లాస్మినీ అడ్డం పెట్టింది.

"ఏదీ, చెయ్యి?"

ఆయన అరచెయ్యి చాపాడు. ఆమె వంగి వాసన చూసింది. బల్ల కింద నుంచి సబ్బుబిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టింది.

"కుళాయి అటు ఉంది. కడుక్కుని రండి, అప్పుడు చూద్దురుగాని."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సర్విది కదలకుండా అడిగాడు. "ఆలోచించుకున్నావా అమ్మా?"

లాస్మినీ గరాటు తుడుస్తూ వెనక నిలబడ్డవాడికి సీసా కోసం చెయ్యి చాపింది.

"పండగకి ఇంకా అయిదు నెలలుంది పాక్. వస్తాను గదా. ముందు చెయ్యి కడుక్కోండి."

ఆయన సబ్బుబిళ్ళ పట్టుకుని కుళాయి వైపు నడిచాడు.